కొలతల చీటీ

మేడమీది గది
జూన్ 11

మొద్దూ,

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. “పాపం, పిల్లకి ఇంగ్లీషు రాదటగా” అని రాశావు. పిల్లకి ఇంగ్లీషు వచ్చు. పరీక్షలో పిల్లకి డి గ్రేడు వచ్చింది. ఈ రెండూ వేరువేరు సంగతులు. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి, పద్నాలుగేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని చెబుతున్నాను. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి పేపర్లు దిద్దేవాళ్ళు మా కాలంలోనూ ఉండేవాళ్ళు. ఇప్పుడు బుర్ర కూడా ఇంట్లోనే పెట్టి వస్తున్నట్టున్నారు.

ఫోను చెయ్యమన్నావు. నా చెవుల సంగతి తెలిసే అన్నావా? ఫోనులో నాకు వినిపించేది నా గొంతొక్కటే. నాకు అదే చాలని నా కూతురు అంటుంది. నువ్వు ఉత్తరాలే రాయి.

గువ్వ సోమవారం పొద్దుటి బస్సులో నీ దగ్గరికి వస్తోంది. దానికి కళ్ళ పరీక్షలు చేసే కోర్సులో సీటు ఇస్తామన్నారు, కాని ఇంగ్లీషులో బి ఉండాలట. నవంబరులో మళ్ళీ రాయవచ్చు. జనవరిలోపు బి చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మీ వీధి చివర సాయంకాలపు కాలేజీలో ఇలా మళ్ళీ రాసేవాళ్ళకి పాఠాలు చెబుతారని ఎవరో దాని చెవిలో వేశారు. “కాలేజీ ఎందుకే, నేను లేనా?” అన్నాను. “చిన్నమ్మమ్మ ఇంటికి వెళ్తాను” అంది. తలెత్తకుండా అంది. దాని అమ్మానాన్నలకి బదిలీల ఉద్యోగాలని మూడేళ్ళ పిల్లప్పటినుంచీ పెంచాను. ఒక్క వాక్యంలో తేల్చేసింది.

నీ ఇంట్లో తింటుంది, పడుకుంటుంది. చదువు జోలికి మాత్రం నువ్వు రాకు. ఇదే పరీక్ష తప్పి మిషను తొక్కుకుంటున్నదానివి. నీ సలహాలు గుడ్డలకి చెప్పుకో.

మీ అక్క


కుట్టుగది, బస్‌స్టాపు ఎదురుగా
జూన్ 24

అక్కకి,

గువ్వ క్షేమంగా చేరింది. దిగుతూనే పెట్టెకంటే ముందు పుస్తకాల సంచి అందించింది. ఎత్తలేకపోయాను. అందులో నువ్వు రాసిన వ్యాసాల నోటుపుస్తకాలే ఆరున్నాయి.

దానికి కట్టింగు బల్లలో ఒక చివర ఖాళీ చేసి ఇచ్చాను. కిటికీ పక్కనే, వెలుతురు బాగుంటుంది. చిక్కల్లా నా మిషనుతోనే. నేల ఎగుడుదిగుడు కదా, వెనక ఎడమ కాలు కింద ఆనదు. నేను తొక్కితే అది ఊగుతుంది, దాన్ని ఆనుకున్న బల్లా ఊగుతుంది, పిల్ల రాసే అక్షరాలూ ఊగుతాయి. ఏదైనా చెక్కముక్క పెట్టాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను.

చదువు జోలికి రావద్దన్నావు, రాలేదు. అదే నా జోలికి వచ్చింది. నేను ప్రతి గుడ్డకీ ఒక చీటీ గుండుసూదితో గుచ్చుతాను కదా, అదేమిటని అడిగింది. కొలతల చీటీ అన్నాను. కత్తెర పట్టేముందు మూడు సంగతులు రాసుకుంటాను: ఎవరికి, ఎందుకు, పొడవెంత. మొన్న రొట్టెల దుకాణం ఆయన కోటు గుడ్డ తెచ్చాడు. ఎందుకని అడిగితే, తన చెల్లెలి పెళ్ళిలో చెయ్యెత్తి అందరినీ పిలవాలట. మరి చంకలో వదులు పెట్టాలి కదా! అడగకపోతే ఎలా తెలుస్తుంది?

“చీటీ లేకుండా కత్తిరిస్తే ఏమవుతుంది చిన్నమ్మమ్మా?” అంది.

“చాలా మంచి కోటు వస్తుంది. ఎవరికీ పట్టదు” అన్నాను.

దానికి నవ్వుతుందనుకున్నాను. ఖాళీ చీటీ ఒకటి అడిగి తీసుకుంది.

ఎదురుగా పోస్టు డబ్బా నాలుగున్నరకి ఖాళీ చేస్తారు. ఇక ఆపుతాను.

నీ మొద్దు


మేడమీది గది
జూలై 19

మొద్దూ,

గువ్వ దగ్గరినుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. నా దగ్గరున్నప్పుడు రెండు పేజీలు రాయించాలంటే నేను రెండు గంటలు పక్కన కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరూ అడగకుండా రాసింది. రొట్టెలాయన చెయ్యెత్తితే కోటు బొత్తాం ఎగిరి మీ ఇస్త్రీ పెట్టె మీద పడ్డ వైనం అంతా రాసింది. చదువుతుంటే నవ్వొచ్చింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

“చిన్నమ్మమ్మ చెప్పింది” అని ఆరుసార్లు రాసింది. “చీటీ” నాలుగుసార్లు. “అమ్మమ్మ” అని ఒక్కసారి, అదీ కవరు మీద.

మూడు తప్పులున్నాయి. వెతగ్గా వెతగ్గా దొరికాయి. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను, దానికి ఇవ్వు. పరీక్షలో అటువంటివి ఒప్పుకోరు.

మీరిద్దరూ సాయంత్రాలు కిటికీలో కూర్చుని బస్సు దిగేవాళ్ళని చూసి, ఎవరు ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో ఇంగ్లీషులో ఊహిస్తారటగా. నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది? “చిన్నమ్మమ్మకి అర్థం కాకపోతే వేరే మాటల్లో చెబుతాను, అప్పుడు నాకూ అర్థమవుతుంది” అని రాసింది. రానివాళ్ళకి చెబితే వస్తుందని తెలిస్తే, నేను ముప్పై నాలుగేళ్ళు అనవసరంగా గొంతు చించుకున్నట్టు.

అసలు సంగతి. ఆ డి వెనక కూడికల్లో పొరపాటు ఉండి తీరాలి. జవాబు పత్రం నకలు కావాలని అర్జీ పెట్టించు. నకలు వస్తే నాకు పంపు. ఆ దిద్దినవాడి సంగతి నేను చూసుకుంటాను.

మీ అక్క


కుట్టుగది
ఆగస్టు 8

అక్కకి,

నకలు కోసం అర్జీ అక్కర్లేదు. గువ్వ మే నెలలోనే తెప్పించుకుంది. నీకు చెప్పలేదు. బట్టల పెట్టెలో అడుగున, స్వెట్టరులో చుట్టి తెచ్చుకుంది. నిన్న తనే తీసి నా ముందు పెట్టింది. “అమ్మమ్మకి పంపనా?” అంటే ఏడ్చింది. అందుకని కాగితం పంపడం లేదు, అందులో ఏముందో రాస్తున్నాను.

ప్రశ్న ఇది: మీ పక్కింట్లోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది, మీ వీధిలో వాళ్ళకి పనికొచ్చే సంగతులు చెబుతూ ఉత్తరం రాయండి. గువ్వ ఏం రాసిందో తెలుసా? “మా వీధి గురించి చెప్పేముందు, ఇక్కడ సూర్యుడు ఎలా ఉదయిస్తాడో చెబుతాను” అని మొదలుపెట్టింది. అంతే. మూడు పేజీల సూర్యోదయం. బంగారు కిరణాలు, పక్షుల కిలకిల, రైతు భుజాన నాగలి. మీ వీధిలో ఎవడికుందక్కా నాగలి? పాలు ఎక్కడ దొరుకుతాయో, చెత్తబండి ఎప్పుడొస్తుందో ఒక్క ముక్క లేదు. ఆ కొత్తవాళ్ళు సూర్యుణ్ణి చూసుకుంటూ చెత్త ఇంట్లోనే పెట్టుకోవాలి.

కింద ఎర్రసిరాతో ఉంది: “భాష బాగుంది. అడిగినది ఇది కాదు.”

కూడికలు సరిగ్గానే ఉన్నాయక్కా. గువ్వకి అది చెప్పనక్కర్లేకపోయింది. మొదటి వారం చీటీ గురించి అడిగిందే, అప్పుడే తెలిసిందట.

ఇప్పుడు ప్రతి ప్రశ్నకీ మార్జిన్లో చీటీ రాసుకుంటోంది. కాలేజీ పరీక్షలో సి ప్లస్ వచ్చింది. నువ్వు దిద్దిన ఉత్తరం చదువుకుని సొరుగులో పెట్టుకుంది. ఆ తప్పులు మళ్ళీ చెయ్యలేదు.

నీ మొద్దు


మేడమీది గది
సెప్టెంబరు 27

మొద్దూ,

నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. ఒంట్లో బాగానే ఉంది, అడగబోకు.

ఆ సూర్యోదయం నేను రాసిందే. జిల్లాలో అన్ని బళ్ళవాళ్ళూ దాన్ని నకలు చేసుకున్నారు ఒకప్పుడు. దాని వల్ల ఎంతమంది గట్టెక్కారో నీకు తెలియదు. ప్రశ్న ఏదైనా కాస్త అటూ ఇటూ తిప్పి రాసుకోవచ్చని చెప్పాను. తిప్పడం రాకపోతే తప్పు సూర్యుడిదా?

నీ చీటీలో మూడు గళ్ళు. నా వ్యాసంలో మూడువందల యాభై మాటలు, ఒక్కొక్కటీ ఏరి పెట్టింది. గళ్ళు గీసినంత మాత్రాన ఇంగ్లీషు వచ్చేటట్టయితే రైల్వే గుమాస్తాలందరూ ప్రొఫెసర్లు కావాలి.

నేను నీ మీద అసూయ పడుతున్నానని అనుకుంటావేమో. ఈ వయసులో నిన్ను చూసి అసూయ పడటానికి నీ దగ్గర ఏముంది? ఒక ఊగే మిషను, ఒక కిటికీ, నా మనవరాలు.

ఇంకొక సంగతి. ఈ నెల ఐదో తారీఖున గువ్వ పేరు మీద పార్సెలు పంపాను. పన్నెండు వ్యాసాలు, అన్నీ తిరగరాసినవి. ఎండలో కూర్చుని నెల్లాళ్ళు రాశాను. రోజుకొకటి చొప్పున బట్టీ పడితే నవంబరుకి నాలుగుసార్లు తిరగేయవచ్చు. అది రాసిన రెండు ఉత్తరాల్లోనూ పార్సెలు ఊసు లేదు. పోస్టులో పోయిందా, నీ ఇంట్లో పోయిందా?

మీ అక్క


కుట్టుగది
అక్టోబరు 5

అక్కకి,

నా ఇంట్లో పోయింది. చలికోట్లు పెట్టే పెట్టెలో అడుగున ఉంది. గువ్వకి తెలియదు. పార్సెలు విప్పలేదు. విప్పనక్కర్లేదు, బరువు చూసే పోల్చాను. అటువంటి కట్ట ఇదివరకు ఒకసారి మోశాను.

నీకు ఎప్పుడూ చెప్పని మాట చెబుతాను. నాకు పదహారేళ్ళు. నీకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. నన్ను పాసు చేయించాలని నీకెంత పట్టుదలో! ‘వానరోజు’ అని వ్యాసం రాసిచ్చావు. నలభైసార్లు అప్పజెప్పించుకున్నావు. అన్నం తింటూ అప్పజెప్పాను, తల దువ్వించుకుంటూ అప్పజెప్పాను. పరీక్ష హాల్లో పేపరు తిప్పి చూస్తే వాన లేదు. వేరే ప్రశ్న. దానికి జవాబు నాకు వచ్చు కూడా. నా పొట్టి పొట్టి మాటల్లో రాయగలను. కాని నువ్వు గేటు బయట ఎండలో నిలబడి ఉన్నావు. బయటికి రాగానే “వానరోజు రాశావా?” అని అడుగుతావు. రాయలేదని నీకు ఎలా చెప్పను? అందుకని రాశాను. ఒక్క మాట పోకుండా రాశాను. “రాశానక్కా” అంటే నువ్వు గేటు దగ్గరే నన్ను ఎత్తి తిప్పావు.

ఫలితాలు వచ్చాక మొద్దువన్నావు. నాన్న మిషను కొన్నాడు. మిషను నాకు నచ్చింది, దాని గురించి నాకు ఏ బాధా లేదు. మొద్దు అన్న మాట ఒక్కటే యాభై రెండేళ్ళుగా వింటున్నాను.

గువ్వ కూడా అంతే. ప్రశ్న అర్థం కాక సూర్యోదయం రాయలేదు. నువ్వు అడుగుతావని రాసింది.

భాష నువ్వు పెట్టిందే అక్కా. గుడ్డ నీది. ఎక్కడ కత్తిరించాలో నేను చూపించాను, అంతే. పార్సెలు దాచడం తప్పే. నువ్వు ఇమ్మంటే ఈ ఉత్తరం చేరిన మర్నాడే ఇచ్చేస్తాను. ఇస్తే బట్టీ పడుతుంది, నీ చేతిరాత కాబట్టి. పరీక్ష నవంబరు మూడున. ఏం చెయ్యమంటావో రాయి.

నీ చెల్లెలు


మేడమీది గది
అక్టోబరు 12

చెల్లాయ్,

పార్సెలు పెట్టెలోనే ఉండనీ.

పరీక్ష అయ్యాక ఏం రాశావని గువ్వని నేను అడగను. నువ్వూ అడగకు. గేటు బయట ఎవరూ నిలబడొద్దు.

ఆనాటి ప్రశ్న ఏమిటి? నువ్వు రాయలేదు.

అక్క


కుట్టుగది
డిసెంబరు 16

అక్కకి,

బి వచ్చింది. కాగితం కాలేజీవాళ్ళు ఇవాళే ఇచ్చారు. గువ్వ వాళ్ళ అమ్మానాన్నలకి ఫోను చేసింది, నీకు మాత్రం ఉత్తరమే రాయమని నాతో పోట్లాడింది. కోర్సువాళ్ళకి నకలు రిజిస్టరు పోస్టులో పంపేశాం. సీటు ఖాయం. నా వల్ల ఏమీ లేదక్కా, అంతా నీ వల్లే వచ్చింది.

నువ్వు అడగనన్నావని గువ్వే చెప్పమంది. ఈసారి ప్రశ్న: మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు వాళ్ళ మంచికే అయిన పని చెయ్యనని మొండికేస్తున్నారు, వాళ్ళని ఒప్పిస్తూ ఉత్తరం రాయండి. మార్జిన్లో చీటీ రాసుకుందట. ఎవరికి: అమ్మమ్మకి. ఎందుకు: చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి. పొడవు: ఒక పేజీన్నర, అంతకంటే ఎక్కువైతే చదవకుండా దిద్దుతుంది.

“అమ్మమ్మా, నువ్వు మాట్లాడేది పక్క మేడవాళ్ళకి వినిపిస్తుంది, వాళ్ళు మాట్లాడేది నీకు వినిపించదు, కాబట్టి ప్రతి వాదనలోనూ నువ్వే గెలుస్తున్నావు, ఇది అన్యాయం” అని రాసిందట. చివర, “నాకు ఫోనులో నీతో మాట్లాడాలని ఉంది. ఉత్తరంలో నీకు నా తప్పులే కనిపిస్తాయి” అందట. నా చీటీ, నా బల్ల, నా కిటికీ, తీరా రాసింది మాత్రం నీకు. నాకూ కొంచెం కడుపు మండిందిలే.

నా ప్రశ్న అడిగావు. రెండు నెలలు ఆగాను, రాయాలా వద్దా అని. “మీ ఇంట్లో మీకు అందరికంటే ఇష్టమైన మనిషి గురించి రాయండి.” అదీ ప్రశ్న. నా దగ్గర జవాబుంది. ఆ జవాబు గేటు బయట నిలబడి ఉంది.

నీ చెల్లెలు


మేడమీది గది
డిసెంబరు 23

ఎవరికి: చెల్లాయికి.
ఎందుకు: పార్సెలు సంగతి తేల్చడానికి. ఇంకొకటుంది, కింద చూడు.
పొడవు: ఒక పేజీ. దాటితే కత్తిరించుకో.

చెల్లాయికి,

నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. “అంతా నీ వల్లే వచ్చింది” అని రాశావు. కాదు. నీ వల్ల వచ్చింది. ఈ మూడు మాటలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇంకొకసారి రాయించకు.

అసూయ పడటం లేదని సెప్టెంబరులో రాశాను. అదీ తప్పే. పడ్డాను. దాని ఉత్తరంలో ఆరుసార్లు నీ పేరు చూసిన రోజున అన్నం సయించలేదు. ఇప్పటికీ పడుతున్నాను. బస్సు దిగేవాళ్ళని చూసి మీరిద్దరూ నవ్వుకుంటుంటే ఆ కిటికీలో నాకెందుకు చోటు లేదని. ఉంటే మాత్రం ఏం లాభం, బస్సు దిగేవాళ్ళ నడకలు కూడా దిద్దేదాన్ని.

మొద్దు అన్న మాట తీసేశాను. యాభై రెండేళ్ళు ఆలస్యమైనందుకు మార్కులు తగ్గించుకో.

మంగళవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. గువ్వకి చెప్పు. అదొక్కటే చెప్పు, దాని ఉత్తరం నన్ను ఒప్పించిందని చెప్పకు. ఇప్పటికే బి వచ్చింది, నెత్తికెక్కుతుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. చలికోట్ల పెట్టె తెరిచి పార్సెలు బయటికి తియ్యి. విప్పితే అన్నిటికంటే పైన ‘వానరోజు’ ఉంటుంది. ఆనాటిదే, నాలుగు మాటలు మార్చాను. దాన్ని పక్కన పెట్టు. మిగిలిన పదకొండూ దొంతరగా పేర్చి, గట్టి గుడ్డపీలికతో నాలుగు వైపులా బిగించి కట్టి, మిషను వెనక ఎడమ కాలి కింద పెట్టు. మిషను మీద గ్లాసుతో నీళ్ళుంచి తొక్కి చూడు. నీళ్ళు తొణికితే సూర్యోదయం తీసేసి మళ్ళీ చూడు.

వానరోజు కాగితాలకి వెనక వైపు ఖాళీ. ఆనాటి ప్రశ్నకి జవాబు అక్కడ రాయి. తెలుగులో రాసినా ఒప్పుకుంటాను. పొట్టి మాటల్లోనే రాయి. దిద్దకుండా ఉండటం నా వల్ల కాదు గాని, పెన్సిలుతో దిద్దుతాను. నచ్చకపోతే నువ్వు చెరిపేసుకోవచ్చు. కాగితం మందం, కవరుకి స్టాంపులు రెండు అంటించు. డబ్బా నాలుగున్నరకి ఖాళీ చేస్తారు కదా, నాలుగింటికల్లా వేసెయ్యి.

మీ అక్క